కరెంటు ఆటోకు కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి?

పానా కింద పెట్టి చాలాకాలమైనా, నన్ను చూస్తే జనానికి ఇంకా బండే గుర్తొస్తుంది. పెళ్లిభోజనానికి కూర్చుంటానా, పప్పు వడ్డించేలోపే పక్కవాడు అందుకుంటాడు: "అన్నా, పెట్రోల్ బండి కొనమంటవా, కరెంటు బండి కొనమంటవా? దేనికి రిపేర్ ఖర్చు తక్కువైతది?"

"నడువు. అన్నిట్లకెల్లి చెప్పులకే రిపేర్ తక్కువ" అంటాను. నవ్వుతాడు. పెరుగు వచ్చేసరికి మళ్లీ అదే అడుగుతాడు.

కొత్తగా బండి కొనబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇకమీదట పెళ్లిలో నన్ను పప్పు తిననివ్వండి.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. ఐదో తరగతి రెండుసార్లు చదివాను, కాబట్టి పునాది గట్టిదే. ఆరో తరగతిలో లెక్కల పుస్తకం కంటే లెక్కల సారు మోటార్ సైకిల్ ఎక్కువ నచ్చింది. సారు పాఠం చెబుతుంటే బయట దాని ప్లగ్గు విప్పి చూశాను. విప్పడం వచ్చింది, బిగించడం రాలేదు. ఆ సాయంత్రం సారు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. మరునాడు నేను నడుచుకుంటూ ఎల్లారెడ్డిలో ఒక మెకానిక్ ఉస్తాద్ దగ్గర పనికి పోయాను.

ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం ఇంజన్ గురించి కాదు. "అరే, పాత సామాను పారెయ్యకు. బండోనికి చూపెట్టు. చూపెట్టకుంటే మార్చనే లేదంటడు. చూపెడితే మంచిదాన్నే మార్చినవంటడు. ఎట్లైనా తిడతడు గానీ, చూపెట్టినంక జెర మెల్లగ తిడతడు." నలభై ఏళ్ల అనుభవాన్ని ఉస్తాద్ ఇంతలో చెప్పేశాడు. తర్వాత నేను కామారెడ్డికి వచ్చి, ఎల్లారెడ్డి రోడ్డు మీద సొంత దుకాణం పెట్టినప్పుడు కూడా ఆ మాట తప్పలేదు. అరిగిపోయిన ప్రతి ముక్కనూ బండివాడి పేరున దాచిపెట్టేవాణ్ణి.

నా దుకాణానికి ఎదురుగా వైండింగాయన ఉండేవాడు. రైతుల బోరు మోటర్లు కాలిపోతే వాటికి మళ్లీ రాగితీగ చుట్టేవాడు. లోవోల్టేజీ వస్తే ఊరంతా కరెంటాఫీసును తిడుతుంటే, ఈయన మాత్రం పొద్దున్నే స్నానం చేసి దుకాణం తీసేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? రోడ్డు మీద గుంత పడితే మనసులో దానికి దండం పెట్టుకునేవాణ్ణి. పక్కవాళ్ల కష్టం మీద బతికే మంచివాళ్లం మేమిద్దరం.

ఇక మూడో మనిషి ఆటోస్టాండ్ పెద్దమనిషి. అందరం "కాక" అనేవాళ్లం. ఎల్లారెడ్డి లైన్‌లో నడిచే పెట్రోల్ ఆటో ఆయనది. ఆయన ఏ మెకానిక్ దగ్గరికి పోతే లైన్‌లో ఆటోలన్నీ ఆ మెకానిక్ దగ్గరికే పోయేవి. ఆయన బండి వారానికొకసారైనా నా దగ్గరికి రాకపోతే నాకు బెంగ పట్టుకునేది. ఒకవారం ప్లగ్గు, ఒకవారం కేబులు, ఒకవారం కార్బొరేటర్‌లో చెత్త. పండగకు పబ్బానికి క్లచ్ ప్లేట్లు. మా ఇంటి స్లాబులో సగం ఆ ఆటో పోసిందే.

అట్లా సుఖంగా ఉన్న రోజుల్లో ఒక చెల్లె కరెంటు ఆటో కొన్నది.

తాడ్వాయి దాటాక ఒక పల్లె ఆమెది. మగడు గల్ఫ్‌లో పనిచేస్తాడు. మొదట అందరిలాగే బీడీలు చుట్టేది. తర్వాత ఊళ్లో ఆడవాళ్లు చుట్టిన బీడీల గంపలన్నీ కామారెడ్డి కార్ఖానాకు చేర్చి, తిరుగుప్రయాణంలో ఆకూ తంబాకూ తెచ్చిచ్చే పని పెట్టుకుంది. గంపలు వేళకు చేరకపోతే కార్ఖానావాళ్లు తీసుకోరు. తీసుకోకపోతే ఊళ్లో ఆడవాళ్లకు ఆ వారం కూలి లేదు. అందుకే మగడు పంపిన పైసలకు అప్పు కలిపి సొంత బండి కొనుక్కుంది.

మొదటిరోజు స్టాండ్‌లో ఎవడో ఊరుకోలేక, "ఏందే చెల్లే, సెల్‌ఫోన్ మీద కూసొని తిరుగుతున్నవా?" అన్నాడు.

"ఔనన్నా. నీది ల్యాండ్‌లైన్ గద, తీగ తెగకుంట సూస్కో" అంది. ఆ తర్వాత ఆమె జోలికి ఎవడూ పోలేదు.

ఆ బండిని నా దగ్గరికి తెచ్చినప్పుడు ఆశగా కిందికి దూరాను. ఇంజన్ ఆయిల్ లేదు. ప్లగ్గు లేదు. కార్బొరేటర్ లేదు, క్లచ్ లేదు, సైలెన్సర్ లేదు. చెడిపోవడానికి ఏమీ పెట్టకుండా బండి తయారుచేసినవాడి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. బ్రేకులూ టైర్లూ ఉన్నాయి కదా అని తృప్తిపడి, రెండుచోట్ల గ్రీజు పెట్టి బయటికొచ్చాను.

"ఏమన్న ఉన్నదా అన్నా రిపేర్?" అంది.

"ఏం లేదు చెల్లే. గదే బాధ."

ఇక అసలు సంగతికొస్తాను. మా వరుసలో ఒక ఆనవాయితీ ఉంది. దసరా పొద్దున ఆటోలన్నిటినీ కడిగి, బంతిపూల దండలేసి, నా దుకాణం ముందు వరసగా నిలబెడతారు. కాక ఒక్కొక్క బండి ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు తీసుకెళ్లి ఇంజన్ మీద పోస్తాడు, ఏడాదంతా ఇంజన్ చల్లగా ఉండాలని. వేడి ఇంజన్ మీద నీళ్లు చుయ్యిమన్నాయంటే దేవుడు విన్నట్టు లెక్క. ఎన్ని దసరాలు గడిచినా ఏ ఇంజనూ దీనికి అభ్యంతరం చెప్పలేదు.

కాక వరసగా వచ్చి వచ్చి కరెంటు ఆటో దగ్గర ఆగాడు. చేతిలో కొబ్బరిచిప్పలు, చిప్పల్లో నీళ్లు.

"ఇంజన్ యాడుంది బిడ్డా?"

"లేదు కాకా."

"లేకపోవుడేంది? ఇంజన్ లేనిది బండెట్లైతది? మరి దేవుడు యాడ కూసోవాలె?"

అందరూ బండి చుట్టూ తిరిగారు. ఒకడు వెనక చక్రం అన్నాడు, ఇంకొకడు హ్యాండిల్ అన్నాడు. మోటర్ల సంగతి తెలిసినవాడు కదా అని వైండింగాయనను పిలిచారు. ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ పెద్ద డాక్టర్‌లా వచ్చి, సీటు లేపమన్నాడు. ఆమె లేపింది. కింద వైర్లు, నల్లటి డబ్బాలు.

"గిదిగో" అన్నాడు వేలు పెట్టి. "గీడికెల్లే కరెంటు పోతది, గీడికెల్లే అకల్ పోతది. గిదే గుండెకాయ, గిదే మెదడు."

"మెదడైతే మరీ చల్లగుండాలె" అని కాక రెండు చిప్పల నీళ్లూ భక్తిగా అక్కడ పోశాడు. నేను అగరుబత్తి తిప్పాను. ఆమె దండం పెట్టి బండి ఎక్కింది. బండి చప్పుడు చేయకుండా నిమ్మకాయలు తొక్కి ముందుకు పోయింది. అందరం చప్పట్లు కొట్టాం. దేవుడు కూడా ఆ క్షణంలో ఏమీ అనలేదు.

మరునాడు పొద్దున అన్నాడు.

ఆమె గంపలు నింపుకుని, బిక్నూర్ నుంచి వచ్చిన చుట్టాన్ని రైలెక్కించి కార్ఖానాకు పోదామని ముందు కామారెడ్డి స్టేషన్‌కు వచ్చిందట. చుట్టం దిగాడు, బండి ఆగింది. హ్యాండిల్ దగ్గరి మీటరులో ఎర్రబొమ్మ వెలుగుతోంది, బండి కదలదు. కాకకు ఫోన్ చేసింది. కాక మంచివాడే, వెంటనే తన పెట్రోల్ ఆటో వేసుకుని పోయి, తాడు కట్టి లాక్కురావడం మొదలుపెట్టాడు. సగం దూరంలో ఆ బరువుకు కాక బండి క్లచ్ వైరు తెగింది. చివరికి రెండు ఆటోలనూ జనమే నా దుకాణం దాకా తోసుకొచ్చారు. ఆ ఊరేగింపును నేను గడప మీద నిలబడి చూశాను. పెట్రోలా, కరెంటా అని అడిగేవాళ్లు ఆ పొద్దున అక్కడ ఉండాల్సింది.

కాక బండికి వైరు వేయడం నాకు చాయ్ తాగినంత సేపు. పైసలు తీసుకుని జేబులో వేసుకున్నాను. కరెంటు బండి ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె షోరూం వాళ్లకు ఫోన్ చేసింది. అటువైపు కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు.

"నీళ్లేమన్న పోయినయా అక్కా?"

"నిన్న పండుగ గద, కడిగినం."

"బ్యాటరీలకు నీళ్లు పోతే వారంటీ రాదక్కా. మార్చుడే పడతదేమో. నేను నిజామాబాద్‌ల ఉన్న, పొద్దుగూకకముందు వచ్చి చూస్త. అప్పటిదాక ఎవల్నీ చెయ్యి పెట్టనియ్యకుండ్రి."

బ్యాటరీ ధర ఆమె అడిగింది, ఫోన్‌లో విన్నది. విన్నాక ఆటో అంచు మీద కూలబడింది. ఇంచుమించు సగం బండి ధర. ఆ సగం బండికి ఇంకా అప్పు తీరలేదు.

కాక ఆమె పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, ఒక మాట చెప్త. గీ డబ్బ నీకొద్దు. నా బండి తీస్కో, నడుస్తున్న బండి. నీది నాకియ్యి, పైన కొంచెం కలుపు. పాత సామాను కింద నేను ఎట్లనో అమ్ముకుంట. అయితే గిప్పుడే చెప్పాలె. ఎల్లారెడ్డిల ఒకడు నా బండిని అడుగుతున్నడు, మధ్యాన్నంకల్ల పోవాలె."

ఆయన మోసం చేయడం లేదు. తన బండి మంచిదని మనస్ఫూర్తిగా నమ్మేవాడు.

ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, నీ చెల్లెననుకొని చెప్పు. దేనికి రిపేర్ తక్కువ? నువ్వైతే ఏం జేస్తవ్?"

నా పరిస్థితి ఒకసారి చూడండి. కాక బండి ఆమెకు అంటగడితే అది వారంవారం నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. వద్దంటే కాకకు కోపం వస్తుంది, కాకతో పాటు లైన్‌లో ఆటోలన్నీ ఇంకో మెకానిక్ దగ్గరికి పోతాయి. పాలు బాగున్నాయో లేదో చెప్పమని పిల్లిని అడిగినట్టుంది.

నేను లోపలికి పోయి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చి ఆమె ముందు పెట్టాను. ఎత్తలేక ఈడ్చాను.

"ఏందిది?"

"కాక బండి పాత సామాను. ఉస్తాద్ చెప్పిండు, పారెయ్యొద్దని. కాక గూడ పారెయ్యనియ్యలే. కుమ్మరిచ్చి చూడు."

కుమ్మరించింది. కాలిన ప్లగ్గులు, అరిగిన క్లచ్ ప్లేట్లు, తెగిన కేబుళ్లు, గీతలు పడ్డ పిస్టన్లు, కన్నాలు పడ్డ సైలెన్సర్, రెండు కార్బొరేటర్లు. నేలంతా పరుచుకున్నాయి. వైండింగాయన వాటి మధ్య నడుస్తూ, "గీ సంచిల ఇంకో ఆటో ఉన్నది రా. నంబర్ ప్లేట్ కడితే ఎల్లారెడ్డి పోవచ్చు" అన్నాడు. స్టాండంతా నవ్వింది.

కాక నవ్వలేదు. "అంటే నా బండి ఖరాబంటవా తమ్మీ?"

"ఖరాబంటే నా నోట్ల పురుగులు పడ్తయ్ కాకా. నా ఇంటి స్లాబు గది. నీ దగ్గరున్నా, చెల్లె దగ్గరున్నా నాకు వచ్చేది వస్తది. అడిగింది కాబట్టి చూపెట్టిన."

అంతటితో ఆపితే అది కూడా అబద్ధమే అవుతుంది. అందుకే ఆమెకు రెండోవైపు కూడా చెప్పాను. "నీ బండికి సంచి లేదు చెల్లే. గానీ దానికి పోయేది ఒక్కటే సామాను. అది పోయిన్నాడు గీ సంచంత ఒక్కసారే పోతది. పెట్రోల్ బండి రోజూ చాయ్‌కు పైసలడిగే బామ్మర్ది. కరెంటు బండి ఏండ్లదాక ఏం అడుగది, ఒక్కనాడు వచ్చి పొలంల వాటా అడుగుతది. ఇంకోటి గూడ ఉన్నది. కాక బండి లింగంపేటల ఆగినా, అడివిల ఆగినా, ఎవడో ఒకడు పానా పట్టుకొని వస్తడు. నీ బండికి ఒక్కడే వస్తడు, అదీ నిజామాబాద్ నుంచి."

ఆమె లేచి కొంగు దోపుకుంది.

"డాక్టర్ రాకముందే పాడె కట్టుడెందుకు? ఆ పిలగాడు వచ్చినంక సూస్తం." కాక వైపు తిరిగి, "కాకా, నీ బండి కొంటలేను గానీ కిరాయికి వస్తవా? గంపలు కార్ఖానకు పోవాలె. ఊరి ఆడోళ్ల కూలి అండ్లనే ఉన్నది."

కాక ఎల్లారెడ్డి బేరం పక్కన పెట్టి, ముఖం గంటుపెట్టుకునే గంపలు ఎక్కించాడు. "కిరాయి ఇడ్సిపెట్టను, చెప్తున్న."

"ఇడ్సిపెట్టమంటలేను. నీ క్లచ్ వైరు కొత్తదే గద, జల్ది నడుపు."

గంపలు వేళకే చేరాయి. ఆమె తిరిగొచ్చి ఆగిపోయిన బండి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. గిరాకీ లేని వైండింగాయన చాయ్ గ్లాసుతో వచ్చి బండి పక్కన గొంతుకూర్చున్నాడు. కొంతసేపటికి గ్లాసు కింద పెట్టాడు.

"ఏందే చెల్లే, నీ బ్యాటరీకి షుగరొచ్చిందా?"

వెళ్లి చూశాం. ఎర్రచీమలు చక్రం మీదుగా ఎక్కి, వంకర లేని వరస కట్టి, సీటు కిందికి పోతున్నాయి. ఖాళీ చేతులతో పోతున్నాయి, నిండు కడుపులతో వస్తున్నాయి. ఆటోస్టాండ్‌లో అంత క్రమశిక్షణ నేనెప్పుడూ చూడలేదు. ఎవరినీ చెయ్యి పెట్టనీయొద్దని కుర్రాడు చెప్పాడు కాబట్టి మేం పెట్టలేదు. చీమలకు ఫోన్‌లో చెప్పలేదు కదా, అవి పెట్టాయి.

ఎండ వాలేవేళకు షోరూం కుర్రాడు వచ్చాడు. సీటు లేపి, చీమలను చూసి, మమ్మల్ని చూశాడు. మీటరు పెట్టి బ్యాటరీ చూశాడు.

"బ్యాటరీ మంచిగున్నదక్కా. సీలుంది, లోపటికి ఏం పోలే." కుర్రాడు వైర్లు కలిసే కనెక్టర్ ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గిండ్లనే పోయినయ్. పచ్చగ పట్టింది. గిది కడిగిన నీళ్లు కాదక్కా, జిగటున్నది, వాసన గూడ వేరే ఉన్నది. ఏం పోసిన్రు?"

ఎవరూ వేలు చూపించలేదు. కాకపోతే అందరం ఒక్కసారి కాకను చూశాం. చీమలు కూడా చూశాయేమో.

"నేను దేవునికి పోసిన" అన్నాడు కాక. "మెదడని చెప్పినోడు గాయన."

"మెదడని చెప్పిన, తానం చేయించుమన్ననా?" అన్నాడు వైండింగాయన.

కుర్రాడు నవ్వాపుకుంటూ కనెక్టర్ శుభ్రం చేసి, ఆరబెట్టి, పాడైన ముక్క తీసి కొత్తది వేశాడు. ఎర్రబొమ్మ పోయింది, బండి కదిలింది. ఖర్చు కాక బండి క్లచ్ ప్లేట్ల కంటే తక్కువే అయింది. తర్వాత ఫోన్ తీసి, ఎందుకు చెడిపోయిందో కంపెనీకి చెప్పే జాబితాలో ఏది నొక్కాలా అని వెతికాడు. వాన ఉంది, వరద ఉంది, యాక్సిడెంట్ ఉంది. కొబ్బరికాయ లేదు.

"వాన అని పెట్టు బిడ్డా" అన్నాడు కాక. "వాననే. కాయలకెల్లి పడ్డది."

కుర్రాడు ఆలోచించి "ఇతరములు" అని నొక్కాడు. దేవుడు ఇతరములలోకి పోయాడు.

కాక పదిరోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు బండి మొరాయించింది, మాట్లాడాడు. మా స్నేహం అట్లా ఇంజన్ మీదనే నిలబడింది. ఆ మరుసటి దసరా నుంచి మా వరుసలో కొబ్బరినీళ్లు టైరు మీద పోస్తున్నారు. పెట్రోల్‌కైనా కరెంటుకైనా అరిగేది అదొక్కటే కదా అని కాకే తీర్పు చెప్పాడు.

కథ ఇక్కడితో ఆపొచ్చు. కానీ బండి బాగైన తర్వాతి వారమే ఆమె వచ్చి నా బల్ల మీద కొన్ని నోట్లు పెట్టింది.

"ఏమైంది బండికి?"

"ఏం గాలే."

"మరి పైసలెందుకు?"

"కాక బండి కొంటే వారం వారం నీకు ఇద్దును గద. ఇస్తున్నట్టే అనుకుంట. ఏదో ఒకనాడు పొలంల వాటా అడుగుతది అంటివి, గప్పటికి."

"ఇంట్ల దాసుకోరాదే?"

"ఇంట్ల ఉంటే ఎవలన్న అడుగుతరు, ఇచ్చేస్త. నీకైతే తీసుకునుడే తెలుసు, ఇచ్చుడు రాదు. నీ దగ్గరైతే భద్రం."

నలభై ఏళ్ల నా పనితనానికి అంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు. ఖాళీ ఇంజన్ ఆయిల్ డబ్బా ఒకటి తీసి పైన చీలిక పెట్టాను. మూత ఎవరూ తీయకుండా వైండింగాయన టంకం వేశాడు. అప్పటినుంచి ఆమె వారం వారం వచ్చేది. "ఆయిల్ పోస్త అన్నా" అని డబ్బాలో వేసి పోయేది. చెడిపోని బండికి పైసలు తీసుకున్న మెకానిక్ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పెట్రోల్ బండికీ కరెంటు బండికీ తేడా ఏమిటో నాకు అప్పుడు తెలిసింది తమ్ముళ్లూ. మొదటిది మీ జేబులో చెయ్యి పెట్టి రోజూ తీసుకుంటుంది, అందుకని దాన్ని తిడతారు. రెండోది మీ పైసలు మీ దగ్గరే వదిలేస్తుంది, అందుకని దాన్ని మెచ్చుకుని, ఆ పైసలు తినేస్తారు. తినకుండా ఆపేవాడు దొరికితేనే కరెంటు బండి చవక. దొరక్కపోతే మళ్లీ చెప్పుల దగ్గరికే రావాలి.

మోకాళ్లు మొరాయించాక నేను దుకాణం మూసేశాను. డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. ఆమె ఇంటికే రావడం మొదలుపెట్టింది. మా ఆవిడ అనుమానంగా చూసేది: "దుకాణం బందైనా నీకు గిరాకీ బంద్ కాలేదా? ఇంక ఎవలిని ముంచుతున్నవ్?"

ఈమధ్యే ఆ బ్యాటరీ నిజంగానే ముసలిదైంది. పొద్దంతా నడిచేది మధ్యాహ్నానికే కూర్చుంటోంది. కొబ్బరికాయ తప్పేమీ లేదు, వయసు అంతే. ఉలి పెట్టి డబ్బా కోశాం. ముగ్గురం, వైండింగాయన కూడా, నిజామాబాద్ షోరూంకు పోయాం. కొంచెం తక్కువ పడింది. ఆ కొంచెం నేను వేశాను. బండివాళ్లకు ఎదురు పైసలిచ్చిన పాపం నా వృత్తిలో అదొక్కసారే జరిగింది, కాబట్టి ఉస్తాద్ క్షమిస్తాడు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి నోట్లు లెక్కపెడుతూ ఆగింది. ముక్కు చిట్లించింది. వేళ్లు వాసన చూసుకుంది.

"ఏందక్కా, పైసలన్నీ ఇంజన్ ఆయిల్ వాసన వస్తున్నయ్? నీది కరెంటు బండే గద?"

"ఔ బిడ్డా" అంది ఆమె, నన్ను చూపించి. "వారం వారం దానికి ఆయిల్ మార్చిన మెకానిక్ గీయన్నే."